చిరిగిన ఆకాశం కింద ఓడ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో గోడ మీద ఒక ఓడ బొమ్మ ఉంది. అది ఫొటో కాపీ మాత్రమే. అసలు కాగితం లోపలి గదిలో బీరువాలో, అట్టపెట్టెలో ఉంటుంది. ఉద్యోగం పని మీద బెల్జియంలో ఉన్న రోజుల్లో, పాత కాగితాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో కొన్నాను. చుట్టాలైనా స్నేహితులైనా ఇంటికొస్తే ఆ బొమ్మ దగ్గర ఆగి ఏదో ఒకటి అడుగుతారు. చాలావరకు అడిగిన ప్రశ్నలే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఇలా ఒకచోట రాసి పెట్టాను.

ఇదేం బొమ్మ? ఎవరు వేశారు?

16వ శతాబ్దపు రాగి చెక్కడం నుంచి తీసిన అచ్చు. మూడు తెరచాప కొయ్యలున్న యుద్ధనౌక, చుట్టూ సముద్రం. బొమ్మ గీసింది పీటర్ బ్రూగెల్. పల్లెటూరి పెళ్లి విందులు, మంచులో వేటగాళ్లు గీసిన ఆ బ్రూగెలే. ఆయన గీసిన ఓడల బొమ్మలు పదికి అటూఇటూగా 1561–65 మధ్య ఆంట్వర్ప్‌లో అచ్చయ్యాయి. అప్పట్లో ఆంట్వర్ప్ ఉత్తర యూరప్‌లో పెద్ద రేవు. ఓడలంటే అక్కడి జనానికి వ్యాపారం, యుద్ధం, వార్తలు అన్నీ. మోకులు, నిచ్చెనలు, ఫిరంగుల కిటికీలు ఎంత వివరంగా ఉంటాయంటే, ఆనాటి ఓడల నిర్మాణం మీద పని చేసేవాళ్లు ఈ బొమ్మలను ఇప్పటికీ ముందు పెట్టుకుంటారు.

ఒక్క బొమ్మకు ముగ్గురి పేర్లు చెబుతారేం?

మన సినిమాకు కథకుడు, కెమెరామన్, నిర్మాత వేరువేరుగా ఉన్నట్టే. బ్రూగెల్ కాగితం మీద గీశాడు. దాన్ని రాగి పలక మీద చెక్కింది ఫ్రాన్స్ హైస్ అనే ఆయన. డబ్బు పెట్టి, అచ్చు వేసి అమ్మింది హీరోనిమస్ కాక్. ఆయన దుకాణం పేరు 'నాలుగు గాలులు'. ఓడల బొమ్మలు అమ్మే కొట్టుకు అంతకన్నా మంచి పేరు నాకు తట్టదు, ఆ పేరు పెట్టింది ఈ బొమ్మల కోసం కాకపోయినా.

హైస్ 1562లో పోయాడు, కాక్ 1570లో పోయాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు దుకాణాన్ని నడిపింది కాక్ భార్య ఫోల్క్స్‌కెన్ డీరిక్స్. ఆమె 1600లో పోయాక, 1601లో ఇంట్లోని సరుకంతా జాబితా రాశారు. అందులో రాగి పలకలు కూడా ఉన్నాయి. ఆ పలకలు చేతులు మారాయి, కొత్త యజమానులు వాటితో మళ్లీ అచ్చులు తీశారు. అంటే బొమ్మ గీసినవాడు, చెక్కినవాడు, అచ్చు వేసినవాడు అందరూ పోయాక కూడా పలక పని చేస్తూనే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద చాలా జవాబులు దీని మీదే ఆధారపడ్డాయి.

చెక్కడం అంటే ఎలా?

బ్యూరిన్ అనే సన్నని ఉక్కు ఉలిని అరచేత్తో ముందుకు నెడుతూ రాగిలో గాడి తీస్తారు. వంపు గీత కావాలంటే ఉలిని తిప్పరు, ఇసుక నింపిన తోలు దిండు మీద పెట్టిన పలకనే తిప్పుతారు. ఈ బొమ్మలో గాలికి ఉబ్బిన తెరచాపలు చూడండి. ఆ ప్రతి గీతకూ పలక చక్రంలా తిరిగి ఉంటుంది.

తర్వాత పలకంతా సిరా పూసి, పైన ఉన్నది శుభ్రంగా తుడిచేస్తారు. గాడుల్లోది మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై పడుతుంది. పలక అంచు కూడా కాగితంలో చిన్న పల్లంలా దిగబడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

అచ్చులు తీసేకొద్దీ రాగి అరుగుతుంది. ముందు పోయేవి సన్నగీతలు: దూరపు అలలు, మబ్బులు, తెరచాపల లేత నీడలు. నా ప్రతిలో సముద్రం వెలిసినట్టు ఉండడానికి కారణం ఎండ కాదు. అరిగిన పలకతో తీసిన అచ్చు అది.

ఆకాశంలో మనిషి ఉండాలట కదా?

ఉండాలి. ఈ బొమ్మ మంచి ప్రతుల్లో ఓడ పైన ఆకాశంలో ఇద్దరుంటారు. ఒకరు డెడాలస్, రెండోవాడు ఆయన కొడుకు ఇకరస్. గ్రీకు కథలో తండ్రి ఈకలు, మైనంతో రెక్కలు చేసి కొడుక్కీ తనకూ కట్టుకున్నాడు. మరీ పైకి వెళ్లకురా అని చెప్పినా వినకుండా కొడుకు సూర్యుడికి దగ్గరగా ఎగిరాడు. మైనం కరిగి సముద్రంలో పడ్డాడు. మా అత్తయ్య ఈ కథ విని "సంపాతి కథేగా!" అంది. దగ్గరగానే ఉంది కానీ ఒక తేడా. సంపాతి తమ్ముడు జటాయువును కాపాడబోయి రెక్కలు కాల్చుకున్నాడు. ఇక్కడ కాపాడేవాడు లేడు. తండ్రి చూస్తూ ఎగురుతున్నాడు.

బ్రూగెల్ ఈ వరసలో ఇంకో ఓడ మీద సూర్యరథం నుంచి పడిపోతున్న ఫేటన్‌ను పెట్టాడు, మరో దాంట్లో డాల్ఫిన్ వీపెక్కిన గాయకుడు ఏరియన్‌ను. కింద ఓడలు మాత్రం తమ దారిన తాము పోతుంటాయి.

మరి మీ బొమ్మలో ఇకరస్ లేడే?

లేడు. కొన్నప్పుడు అతను ఉండాలన్న సంగతే నాకు తెలియదు. ఆకాశంలో ఒక మబ్బు, దాని పక్కన ఒక పక్షి ఉన్నాయనుకున్నాను. ఇంటికొచ్చాక మ్యూజియంవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతిని పక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంది. అక్కడ మబ్బు లేదు.

ఎప్పుడో ఆ చోట కాగితం చిరిగి ఊడిపోయింది. ఎవరో వెనక నుంచి వేరే కాగితం అతికించి, ఖాళీగా కనిపించకుండా పెన్నుతో మబ్బు గీశారు. పక్షి అనుకున్నది డెడాలస్ రెక్క చివర. చిరుగు అంచున అంతే మిగిలింది.

అమ్మినాయన మోసం చేశాడా అని అందరూ అడుగుతారు. ఆయనా ఓడనే చూశాడేమో. ధర మాత్రం పాడైన బొమ్మ ధరే తీసుకున్నాడు.

అతుకు అని ఎలా తేలింది? ల్యాబ్‌లో టెస్టు చేయించారా?

లేదు. ఫోన్ టార్చి చాలు. మూడు పనులు చేశాను.

మొదట గదిలో లైట్లు ఆర్పి, టార్చిని కాగితానికి పక్కగా, దాదాపు నేల బారుగా పట్టాను. అసలు బొమ్మలో సిరా గీతలు కాగితం మీద సన్నగా ఉబ్బి కనిపిస్తాయి, గాడి లోంచి వచ్చినవి కాబట్టి. మబ్బు గీతలు చదునుగా ఉన్నాయి. దాంతో సగం తేలిపోయింది.

రెండోది, టార్చి వెనక పెట్టి చూడడం. నోటు మీద గాంధీ బొమ్మ చూసినట్టే. అప్పటి కాగితం నారబట్టల పీలికలను నీళ్లలో నానేసి, దంచి, తీగల జల్లెడ మీద తోడి చేసింది. వెలుతురు వెనక ఉంటే ఆ తీగల చారలు కనిపిస్తాయి. మిల్లువాళ్ల నీటిగుర్తు ఉంటే అదీ కనిపిస్తుంది. అతుకు దగ్గర చారలు టక్కున ఆగి, వేరే దిశలో మొదలయ్యాయి.

మూడోది రంగు. అచ్చు సిరా మసి, ఉడికించిన అవిసె నూనె కలిపి చేసింది, నాలుగు వందల ఏళ్లైనా నల్లగానే ఉంటుంది. మబ్బు గీసిన సిరా గోధుమ రంగుకు తిరిగింది. అది ఇనుము, మాజుకాయల వగరు కలిపిన రాతసిరా. మన కలంకారీ చూసినవాళ్లకు ఇది తెలిసిన రసాయనమే. కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట మీద ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే నలుపు పుడుతుంది. పాత కలంకారీల్లో ఆ నల్లగీత ఉన్నచోటే బట్ట ముందు చివుకుతుంది. కాగితం మీదా అదే జరుగుతుంది. నా మబ్బు అంచులు ఇప్పటికే పెళుసుగా ఉన్నాయి. పెద్ద మ్యూజియంలలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తారు. అందులో ఇలాంటి రాతసిరా మాయమవుతుంది, మసి సిరా నిలబడుతుంది.

అయితే ఇది "మార్చిన" బొమ్మ అనాలా, "పాడైన" బొమ్మ అనాలా?

అందరికన్నా మంచి ప్రశ్న మా మేనల్లుడు అడిగింది ఇదే. ముందు మార్పు ఎక్కడ జరిగిందో చూడాలి, రాగి మీదా, కాగితం మీదా?

కాగితం మీద జరిగినది ఆ ఒక్క ప్రతికే పరిమితం. చిరుగు, మరక, అతుకు, నా మబ్బు అన్నీ ఇందులోకే వస్తాయి. రాగి మీద మార్పు చేస్తే ఆ తర్వాత తీసిన ప్రతులన్నిటిలోనూ అది కనిపిస్తుంది. పలకలో ఒక మార్పు చేసి అచ్చు వేసిన దశను 'స్టేట్' అంటారు. మొదటి స్టేట్, రెండో స్టేట్ అని లెక్క. రాగిని మార్చడం తేలిక కాదు. గీతలను గీకేసి, నున్నగా రుద్ది, అక్కడ పడ్డ గుంటను వెనక నుంచి సుత్తితో కొట్టి పైకి లేపాలి. ఆ తర్వాతే కొత్త గీత.

కాబట్టి ఏదైనా పాత అచ్చులో తేడా కనిపిస్తే వెంటనే "నకిలీ" అనకండి. అదే బొమ్మ ఇంకో ప్రతిని చూడండి. రెండింటిలోనూ ఆ తేడా ఉంటే రాగిలోనే ఏదో జరిగింది. మీ దాంట్లోనే ఉంటే కాగితం కథ.

రాగినే మార్చేసేవారా? ఎందుకు?

వ్యాపారం కోసం, ఎక్కువగా. పలక కొన్నవాడు పాత యజమాని పేరు గీకేసి తన పేరు చెక్కించేవాడు. బొమ్మ కింద లాటిన్‌లో 'ఎక్స్‌కుడిట్' అని ఉంటే అది అచ్చువేయించినవాడి పేరు. ఎక్కువగా మారేది అదే.

పేరు మొదటి నుంచే తప్పుగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. పెద్ద చేపలు చిన్న చేపలను మింగే బొమ్మ ఒకటి బ్రూగెల్ 1556లో గీశాడు. ఆ డ్రాయింగ్ వియన్నాలో అల్బెర్టినా మ్యూజియంలో ఉంది. కానీ 1557లో కాక్ దాన్ని అచ్చు వేసినప్పుడు గీసినవాడి పేరు హీరోనిమస్ బాష్ అని చెక్కించాడు. బాష్ పోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. పేరున్న చనిపోయినవాడు, పేరు రాని బతికున్నవాడు: కాక్ ఏది అమ్ముడుపోతుందో చూసుకున్నాడు.

17వ శతాబ్దంలో పియర్ లొంబార్ చెక్కిన గుర్రపు రౌతు ఇంకా తమాషా. ఒకే పలక మీద, ఇంగ్లండులో రాజును దించి పాలించిన క్రామ్‌వెల్ తల, ఆ దేశపు మొదటి చార్లెస్ రాజు తల మార్చి మార్చి పెట్టారు. మధ్యలో తల లేకుండా తీసిన అచ్చులూ ఉన్నాయి. రాజు తల నరికించినవాళ్లలో క్రామ్‌వెల్ ఒకడు కాబట్టి ఇది కాస్త భయంకరమైన హాస్యం.

ఓడలున్న బొమ్మల్లో నాకు ఇష్టమైన ఉదాహరణ రాగిది కాదు, కొయ్యది. యాకొపో దె బార్బరి 1500లో వెనిస్ నగరాన్ని పక్షి చూసినట్టుగా గీశాడు. ఆరు కొయ్య దిమ్మెలు, మొత్తం వెడల్పు రెండున్నర మీటర్లకు పైనే, నీళ్ల నిండా ఓడలు. అందులో సెయింట్ మార్క్ గంటస్తంభానికి చదునైన కప్పు ఉంటుంది. 1489లో పిడుగు పడి పాత శిఖరం కాలిపోతే వేసిన తాత్కాలిక కప్పు అది. తర్వాత కొత్త శిఖరం కట్టారు. వెంటనే దిమ్మెలోనూ కొత్త శిఖరం పెట్టి, 1500 తేదీ తీసేసి మళ్లీ అచ్చు వేశారు. ఆపైన ఇంకో ముద్రణలో చదును కప్పునే తిరిగి పెట్టి, తేదీనీ వెనక్కి తెచ్చారు. అంటే 1500 అని రాసి ఉన్న ప్రతి 1500లో తీసిందే కానక్కర్లేదు. ఆ దిమ్మెలు వెనిస్‌లోని కోరెర్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

అంచులు ఇలా బొమ్మ దాకా కోసేశారేం?

పాత సేకర్తలు అచ్చుబొమ్మలను ఆల్బమ్‌లలో అతికించుకునేవారు. తెల్ల అంచు వాళ్లకు వృథా. కత్తిరించి పారేసేవారు. నా దాంట్లో పలక గుర్తు, అంటే పలక అంచు కాగితంలో దిగబడ్డ పల్లం, కూడా పోయింది. నాకు చిరుగు కన్నా ఈ కత్తిరింపే ఎక్కువ బాధ. చిరుగు ప్రమాదం, ఇది చేజేతులా చేసింది.

సముద్రానికి ఆకుపచ్చ రంగు ఎవరు వేశారు?

తర్వాతివాళ్లే. నా దాంట్లో రంగు అరిగిన గీతల మీద కూడా ఉంది కాబట్టి అచ్చు తర్వాత ఎప్పుడో వేసిందే. అప్పట్లో రంగులు వేయడం మామూలే, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ ఆకుపచ్చ రాగి చిలుముతో చేసింది. అది కాగితాన్ని లోపల్నుంచి కాలుస్తుంది. వెనక వైపు చూస్తే అలలున్న చోటల్లా గోధుమ మచ్చలు. కొన్నిచోట్ల కాగితం బిస్కెట్‌లా విరిగేలా ఉంది.

ఇది అచ్చంగా పాతదేనని నమ్మకం ఏమిటి? జిరాక్సు కావచ్చుగా?

భూతద్దంలో చూస్తే చుక్కలు కనిపిస్తే అది ఫొటో నుంచి తీసిన అచ్చు. ఆ పద్ధతి 19వ శతాబ్దం చివరిది. కట్టెగుజ్జు కాగితమైతే అదీ 19వ శతాబ్దం తర్వాతిదే. అల్ట్రావయొలెట్ లైటు కింద కాగితం నీలంగా మెరిస్తే ఇంకా కొత్తది, బట్టల సబ్బుల్లో వేసే తెలుపు మందు కాగితంలోకి 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది.

అసలు చిక్కు వేరు. 1870ల్లో పారిస్‌లో అమాన్-డ్యూరాన్ అనే ఆయన ఫొటో సాయంతో రాగి పలకలు తయారుచేసి డ్యూరర్, రెంబ్రాంట్ లాంటి పాత చిత్రకారుల బొమ్మలకు నకళ్లు తీశాడు. వాటిలో గీతలు ఉబ్బి ఉంటాయి, పలక గుర్తూ ఉంటుంది. తేలిగ్గా మోసపోతాం. కాగితం వెనక ఆయన ముద్ర ఉందా అని చూడాలి. అందుకే నేను ఎప్పుడూ వెనక వైపే ముందు చూస్తాను.

సంతకం స్పెల్లింగు కూడా ఒక ఆనవాలు. బ్రూగెల్ 1559 దాకా తన పేరులో 'హెచ్' అక్షరం రాసేవాడు, తర్వాత మానేశాడు. 1560ల బొమ్మ మీద 'హెచ్' ఉంటే ఒకసారి ఆగి ఆలోచించాలి.

లామినేషన్ చేయిస్తే గొడవ వదిలిపోతుంది కదా?

దయచేసి వద్దు. ఎన్ని ఇళ్లలో తాతల దస్తావేజులు, పెళ్లి ఫొటోలు లామినేషన్ పాలయ్యాయో! వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగితే మళ్లీ ఊడదు. సెల్లో టేపు కూడా అంతే, టేపు ఊడిపోయినా జిగురు మరక ఉండిపోతుంది. చవక అట్టకు అతికించి ఫ్రేము కట్టించినా ఆ అట్టలోని ఆమ్లం వల్ల చుట్టూ గోధుమ చట్రం పడుతుంది.

కాగితాలు బాగుచేసే నిపుణులు గోధుమ పిండి గంజితో, జపాన్ కోజో కాగితంతో అతికిస్తారు. నీళ్లు తగిలితే ఊడొస్తుంది, అదే దాని గొప్ప. రేపు ఇంకొకరు ఇంకా బాగా చేయాలనుకుంటే దారి ఉంటుంది. ఇంట్లో చేయగలిగింది: ఆమ్లం లేని అట్టపెట్టె, ఎండ తగలని చోటు, గోడకు ఆనించని బీరువా. మా విశాఖ లాంటి ఊళ్లలో వానాకాలం బూజు అసలు శత్రువు. నెలకోసారి తెరిచి చూస్తాను.

మబ్బు తీయించి, ఇకరస్‌ను మళ్లీ గీయించవచ్చు కదా?

మబ్బు తీస్తే కింద ఇకరస్ ఉండడు, కన్నం ఉంటుంది. కొత్తగా గీయిస్తే అది 2020ల ఇకరస్ అవుతుంది, చూసేవాడికి అది తెలియదు. నేను అమ్మిన తర్వాత కొన్నవాడు మళ్లీ టార్చి పట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలి. గోధుమ సిరా కాగితాన్ని ఇంకా తినకుండా ఆపించాలని మాత్రం ఉంది. డబ్బు కుదిరితే చేయిస్తాను.

ఎంత పలుకుతుంది?

ఈ వరసలో మంచి తొలి అచ్చులు వేల యూరోలు. నాది కాదు. ఇంకో మాట: వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులకు మన దేశంలో 1972 చట్టం ఉంది. బయటికి పంపాలనుకుంటే ముందు పురావస్తు శాఖను అడగాలి.

ఇలాంటి ఓడలు మన తీరానికి వచ్చాయా?

ఈ బొమ్మ అచ్చైన నాటికి ఆఫ్రికా చుట్టూ తిరిగి మన దేశానికి వస్తున్న యూరప్ ఓడలు పోర్చుగీసువాళ్లవి. డచ్చివాళ్లు బందరులో 1605లో దిగారు. మనవాళ్లు వాళ్లను వలందులు అన్నారు, బందరులో వలందపాలెం పేరు అలా వచ్చిందే. అప్పటికి ఓడల తీరు కొంత మారింది. బందరు కోటలో, భీమిలిలో డచ్చి సమాధులు చూసినప్పుడు ఈ బొమ్మ గుర్తొస్తుంది కానీ, ఇది వాళ్ల తాతల కాలం నాటిది.

పూర్తి ప్రతిని ఎక్కడ చూడొచ్చు?

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్, బ్రసెల్స్‌లో రాయల్ లైబ్రరీ. వీళ్ల సైట్లలో పెద్ద ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. ఆంట్వర్ప్ వెళ్తే ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం వదలకండి. ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చుయంత్రాలు రెండు అక్కడే ఉన్నాయి.

అసలుది మాకు చూపిస్తారా?

తప్పకుండా. గ్లౌజులు అక్కర్లేదు, వాటితో అంచులు ఇంకా చిరుగుతాయి. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని రండి. కాఫీ గ్లాసు హాల్లోనే పెట్టేయండి. టార్చి నా దగ్గరుంది.